శిక్షణ హాలులో... రోగి వార్డులో!

ప్రభుత్వాసుపత్రిలో పసికందు ఊపిరాడక చనిపోయిందనో, కాన్పు తరువాత రక్తస్రావం ఆగక బాలింత ప్రాణం పోయిందనో వార్త వచ్చిన ప్రతిసారీ జరిగే తంతు ఒకటే. ఆసుపత్రి ముందు బంధువుల ధర్నా, విచారణ కమిటీ, ఒకరిద్దరు స్టాఫ్ నర్సుల సస్పెన్షన్, ఆ వెంటనే ‘సిబ్బందికి ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తాం’ అన్న ప్రకటన. నాలుగు రోజుల్లో అంతా సద్దుమణుగుతుంది. మరోచోట మరో మరణం జరిగినప్పుడు జనం మళ్ళీ అదే అడుగుతారు: అన్నేసి జీతాలు, అన్నేసి శిక్షణలు ఇస్తున్నా సర్కారు దవాఖానాలో పనితీరు ఎందుకు మారదు? అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబును ప్రభుత్వాలు వెతకవలసిన చోట వెతకడం లేదు. మన దగ్గర శిక్షణ జరిగే చోటు ఒకటి, వైద్యం జరిగే చోటు మరొకటి. నేర్చుకున్నవారు ఒకరు, తీరా ఆ పని చేయవలసి వచ్చేది ఇంకొకరు. ఈ ఎడం తగ్గించకుండా తరగతులు పెంచుకుంటూ పోతే పెరిగేవి సర్టిఫికెట్లే.

కాగితం మీద చూస్తే శిక్షణకు కొదవ లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఊపిరి అందించడం నేర్పే రెండు రోజుల ‘నవజాత శిశు సురక్ష కార్యక్రమం’ 2009లోనే మొదలైంది. ఆసుపత్రుల పరిశుభ్రత కోసం 2015లో కాయకల్ప్, ప్రసూతి గదుల నాణ్యత కోసం 2017 డిసెంబరులో ‘లక్ష్య’ వచ్చాయి. ప్రభుత్వోద్యోగుల శిక్షణ కోసం 2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ఆన్‌లైన్ పాఠాలున్నాయి. డాక్టర్లు అయిదేళ్లలో 30 గంటలు, నర్సులు 150 గంటలు నిరంతర విద్య పూర్తిచేయాలని ఆయా వృత్తుల నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రి వ్యర్థాలతో పని ఉన్న ప్రతి ఉద్యోగికీ విధుల్లో చేరగానే ఒకసారి, ఆపైన ఏటా కనీసం ఒకసారి శిక్షణ ఇచ్చి తీరాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు అంటున్నాయి.

ఇవన్నీ ఆసుపత్రి గడప దాకా వచ్చేసరికి ఏమవుతున్నాయో చూడాలి. ఆసుపత్రికి ఇద్దరి చొప్పున జిల్లా కేంద్రానికి పంపమని ఉత్తర్వు వస్తుంది. సూపరింటెండెంట్ డ్యూటీ రోస్టర్ ముందు పెట్టుకుని, ఆ రెండు రోజులూ ఎవరు లేకపోయినా వార్డు గడిచిపోతుందో వారి పేర్లు రాస్తారు. లేబర్ రూమ్‌లో రాత్రి డ్యూటీ చేసే సిస్టర్‌ను పంపితే ఆ స్థానంలో వేయడానికి మనిషి ఉండరు కాబట్టి, ఎవరికి అవసరమో వారు తప్ప మిగతావారు వెళతారు. హాలులో స్లైడ్లు, భోజనం, గ్రూప్ ఫొటో, చివర్లో సర్టిఫికెట్. తిరిగొచ్చిన నర్సు తాను నేర్చుకున్నది తోటివారికి చేసి చూపే వేళంటూ ఏదీ ఉండదు. కొన్ని నెలలకు ఆమెను ఓపీకో, కంటి వార్డుకో మారుస్తారు. లేదంటే బదిలీల కౌన్సెలింగ్‌లో ఆమె జిల్లాయే మారిపోతుంది. శిక్షణ రిజిస్టరులో మాత్రం ఆ ఆసుపత్రి లక్ష్యం పూర్తయినట్టే లెక్క.

ఇందులో పోయేదేమిటో తెలియాలంటే ప్రసూతి గదిలోని ఒక్క నిమిషాన్ని దగ్గరగా చూడాలి. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఒళ్లు తుడిచి, వీపు రాసి చూసినా కదలిక లేదు. మొదటి నిమిషం గడిచేలోగా అంబు బ్యాగ్‌తో ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. బిడ్డ తలను మెడ కొద్దిగా వెనక్కి వాలేలా పెట్టాలి. ఎక్కువ వంచినా, తక్కువ వంచినా గాలి లోపలికి పోదు. మాస్కు గడ్డాన్నీ, నోటినీ, ముక్కునూ కప్పాలి, కళ్ల మీదికి రాకూడదు. నెలలు నిండిన బిడ్డకు ఒక సైజు, నెలలు తక్కువ బిడ్డకు మరో సైజు. బ్యాగ్ నొక్కినప్పుడు ఛాతీ పైకి లేస్తోందా లేదా అన్నదే గీటురాయి. లేవకపోతే మాస్కు సర్దాలి, తల సర్దాలి, నోట్లో ఉమ్మనీరో మలమో అడ్డుపడిందేమో చూడాలి. ఇదంతా తెలిసి ఉండటం వేరు, రాత్రి రెండు గంటలకు ఒకపక్క తల్లికి రక్తం పోతుండగా చేతులు వణకకుండా చేయడం వేరు. ఇది చేతి విద్య. మృదంగం నేర్చినవారైనా సాధన మానేస్తే చెయ్యి తప్పుతుంది. ఎప్పుడో రెండు రోజులు శిక్షణ బొమ్మ మీద చేసిన పని ఏడాది తరువాత నిజం బిడ్డ మీద అక్కరకొస్తుందనుకోవడం దురాశే.

ఈ విషయాన్ని టాంజానియాలోని హేడమ్ అనే గ్రామీణ ఆసుపత్రి ప్రపంచానికి రుజువుచేసి చూపింది. అక్కడి సిబ్బందికి నవజాత శిశువుకు ఊపిరి పోయడంలో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. కొన్ని నెలల తరువాత పరీక్షిస్తే బొమ్మ మీద వారి పని బాగా మెరుగుపడింది. ప్రసూతి గదిలో నిజం బిడ్డల విషయంలో మాత్రం తేడా రాలేదు. ఈ ఫలితం చూసి వారు శిక్షణను వదులుకోలేదు, దాని పద్ధతి మార్చారు. బొమ్మను, బ్యాగ్‌ను ప్రసూతి గదిలోనే పెట్టి, వారం వారం మూడు నుంచి అయిదు నిమిషాల సాధన, నెలకోసారి మరికాస్త పెద్ద సాధన అలవాటు చేశారు. పుట్టిన 24 గంటల్లో చనిపోయే శిశువుల సంఖ్య వెయ్యికి సుమారు 11 నుంచి 7కు తగ్గింది. ఆసుపత్రి అదే, సిబ్బంది జీతాలు అవే, నేర్పిన పాఠమూ అదే. మారింది శిక్షణ జరిగిన చోటూ, దాని వరుసా. ఒక గ్రామీణ ఆసుపత్రిలో ఇది సాధ్యమైంది కాబట్టి, డబ్బు లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

అయితే వార్డులో శిక్షణ ఒక్కటే సర్వరోగ నివారిణి అనడం కూడా తప్పే. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో, లక్షన్నరకు పైగా తల్లుల మీద జరిగిన భారీ ప్రయోగం ఆ సంగతి చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సురక్షిత ప్రసవ తనిఖీ జాబితాను అమలు చేయించడానికి శిక్షకులు ఎనిమిది నెలలపాటు ఆసుపత్రులకు వెళ్లి సిబ్బంది పక్కనే నిలబడి నేర్పారు. 2017 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన చోట సిబ్బంది 73 శాతం మంచి పద్ధతులు పాటిస్తే, ఇవ్వనిచోట అది 42 శాతమే. శిక్షకులు వెళ్లిపోయాక మొదటి అంకె 62కు జారింది. తల్లీబిడ్డల మరణాల్లో, తీవ్ర అనారోగ్యాల్లో మాత్రం రెండుచోట్లా చెప్పుకోదగ్గ తేడా లేదు. చేతులు కడుక్కోవడం, ఉష్ణోగ్రత చూడటం మెరుగైనా, క్లిష్టమైన కేసు వచ్చినప్పుడు కావలసిన నైపుణ్యం, రక్తం, పై ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు లేకపోతే ప్రాణం దక్కదు. బయటివారు వచ్చి నేర్పితే, వారు ఉన్నన్నాళ్లే ఆ అలవాటు గట్టిగా ఉంటుందన్నది ఇందులోని రెండో పాఠం. నేర్పేవారు ఆసుపత్రి మనిషే అయి ఉండాలి.

పేద, మధ్యాదాయ దేశాల్లోని వందలాది అధ్యయనాలను జల్లెడపట్టి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన సమీక్ష కూడా ఈ దిశలోనే ఉంది. ఒట్టి శిక్షణతో సిబ్బంది పనితీరు సగటున 10 శాతం పాయింట్ల మేర మెరుగైంది. దానికి పర్యవేక్షణ తోడైతే అది 18కి చేరింది. సిబ్బందే కూర్చుని తమ సమస్యను తామే విప్పుకొనే పద్ధతికి శిక్షణను జతచేసిన చోట అంతకంటే ఎంతో ఎక్కువ ఫలితం కనిపించింది. కరపత్రాలు, మార్గదర్శకాల పుస్తకాలు మాత్రమే పంచినచోట ఫలితం దాదాపు సున్నా. మన ఆరోగ్య శాఖలు సులువుగా, ఎక్కువగా చేసే పని చివరిదే కావడం బాధాకరం.

నర్సుల, డాక్టర్ల సంఘాలు ఈ చర్చనంతా పక్కన పెట్టి ఒకే మాట అంటాయి: ముందు మనుషులనివ్వండి. ఆ మాటను కొట్టిపారేయలేం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు, సెలవుల కోసం 30 శాతం అదనపు సిబ్బంది ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. రాత్రివేళ జనరల్ వార్డుకు వెళ్లి చూసినవారెవరికైనా ఆ ప్రమాణానికీ వాస్తవానికీ ఉన్న దూరం తెలుస్తుంది. సెలవుల కోటాయే లేనిచోట శిక్షణకు మనిషిని విడిచిపెట్టమనడం మిగిలినవారి మీద బరువు మోపడమే. కానీ ఖాళీలన్నీ నిండేదాకా శిక్షణ ఊసెత్తవద్దంటే మాత్రం నష్టపోయేది రోగే. సిబ్బంది తక్కువగా ఉన్నప్పుడే ఉన్నవారి నైపుణ్యం మీద మరింత భారం పడుతుంది. పైగా కొత్తగా చేరిన నర్సుకు వార్డులో చేయిపట్టి నేర్పేవారు లేకపోవడమే తొలి ఏడాదిలో ఆమెను బెదరగొట్టే విషయం.

అధికారుల వాదన మరోలా ఉంటుంది. వచ్చినవారు పని తెలియక కాదు, చేయక చెడగొడుతున్నారంటారు. హాజరు గట్టిగా చూస్తే చాలంటారు. ఇందులోనూ కొంత నిజం ఉంది. మధ్యప్రదేశ్‌లో రోగుల్లా నటించడానికి తర్ఫీదైన మనుషులను పంపి చేసిన అధ్యయనంలో, ఒకే డాక్టరు ప్రభుత్వ ఆసుపత్రిలో కంటే తన సొంత క్లినిక్‌లో రోగికి ఎక్కువ సమయమిచ్చి, సరైన చికిత్సకు ఎక్కువగా మొగ్గు చూపినట్టు తేలింది. తెలియకపోవడం ఒక లోటైతే, తెలిసీ చేయకపోవడం ఇంకో లోటు. అయితే కర్ణాటక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలిముద్రల హాజరు పెట్టి చూసినప్పుడు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టుల హాజరు పెరిగింది, డాక్టర్లది పెరగలేదు. యంత్రం కింది ఉద్యోగి మీదే పనిచేసింది. హాజరు మనిషిని గేటు దాటిస్తుందే కానీ మంచం దగ్గర ఏం చేయాలో చెప్పదు. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో చదివి బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్న డాక్టర్లెందరో ఉన్నారు. ఇక్కడ ఒక పద్ధతిలో పనిచేసినవారే అక్కడ ఏటా తమ కేసులను, తప్పొప్పులను రాసుకుని సీనియర్ ముందు కూర్చుంటున్నారంటే, తేడా మనుషుల్లో ఉందనలేం. వారి చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది.

ఆ ఏర్పాటు గురించి ఇంగ్లండ్ అనుభవం కొంత చెబుతుంది. అక్కడి 61 ఆసుపత్రులను పోల్చి 2002లో మైఖేల్ వెస్ట్ బృందం ప్రచురించిన పరిశోధనలో, సిబ్బందికి పద్ధతిగా పనితీరు మదింపు, శిక్షణ, బృందంగా పనిచేసే అలవాటు ఉన్న ఆసుపత్రుల్లో రోగుల మరణాలు తక్కువగా కనిపించాయి. అన్నిటికన్నా బలమైన సంబంధం మదింపుతోనే. డాక్టర్లు అయిదేళ్లకోసారి తమ అర్హతను తిరిగి నిరూపించుకునే విధానం అక్కడ 2012 చివర్లో, నర్సులకు మూడేళ్లకోసారి 2016 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. నర్సులు మూడేళ్లలో 450 గంటలు వాస్తవంగా పనిచేసినట్టు, 35 గంటలు నేర్చుకున్నట్టు చూపాలి. అందులో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని బటన్లు నొక్కితే సరిపోదు. మనం వార్షిక రహస్య నివేదిక అని పిలిచే కాగితంలో ఉద్యోగి నడవడిక గురించి ఉంటుందే కానీ, గత ఏడాదిలో ఆమె చేతిమీదుగా ఎన్ని కాన్పులు జరిగాయి, ఏ పనిలో తడబడుతోంది, దానికి ఏం నేర్పాలి అన్న ముక్క ఉండదు.

అదే ఇంగ్లండ్ ఒక హెచ్చరిక కూడా. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి లక్ష్యాల అంకెలు, ఆర్థిక లెక్కలు చూసుకుంటూ రోగులను గాలికొదిలేసిన వైనాన్ని 2013 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ నివేదిక బయటపెట్టింది. మదింపు అంకెల వేటగా మారితే ఏమవుతుందో అక్కడ చూశాం. పనితీరుకు డబ్బు ముడిపెట్టిన రువాండాలో ఆసుపత్రి కాన్పులు 23 శాతం పెరిగాయి. గర్భిణులు నాలుగుసార్లు పరీక్షలకు రావడం, టీకాలు మాత్రం పెరగలేదు. లెక్కపెట్టి బహుమతి ఇవ్వదగ్గ పనులు కొన్నే.

నా దృష్టిలో మన ఆసుపత్రులకు అన్నిటికన్నా దగ్గరి పాఠం అమెరికాలోని మిషిగన్‌ది. అక్కడ 103 ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో రక్తనాళంలో వేసే గొట్టం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి అయిదు చిన్న పనుల జాబితా పెట్టారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. అందరికీ జాబితా గుర్తుంది కానీ, అసలు కీలకం వేరేచోట ఉంది. గ్లౌజులు, గౌను, మందునీరు అన్నీ ఒకే బండిలో మంచం దగ్గరకు వచ్చేలా చేశారు. డాక్టరు ఒక అంచె దాటేస్తే ఆపమని చెప్పే అధికారం నర్సుకిచ్చి, ఆసుపత్రి యాజమాన్యం ఆమె వెనక నిలిచింది. మన బోధనాసుపత్రిలో ఒక స్టాఫ్ నర్సు ప్రొఫెసర్‌తో ‘సార్, చేతులు కడుక్కోలేదు’ అని రౌండ్స్‌లో అనగలదా? అనలేని చోట ఆమెకు ఇన్ఫెక్షన్ నియంత్రణలో ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చినా అవి ఫైల్లోనే ఉంటాయి. డాక్టర్లకు ఒక హాలులో, నర్సులకు మరో హాలులో, ఎంఎన్‌వో, ఎఫ్‌ఎన్‌వోలకు (పురుష, మహిళా నర్సింగ్ ఆర్డర్లీలకు) అసలే హాలూ లేకుండా శిక్షణ నడపడం ఈ అంతరాన్ని ఇంకా పెంచుతోంది. కాన్పు బల్ల దగ్గర వీరంతా ఒకే బృందం. నేర్చుకోవడమూ కలిసే జరగాలి.

తప్పు జరిగిన తరువాత ఏం చేస్తామన్నది కూడా శిక్షణే. బ్రిటన్ 1952 నుంచి ప్రతి మాతృ మరణాన్నీ పేర్లు బయటపెట్టకుండా నిపుణులతో సమీక్షిస్తోంది. కేరళలో గైనకాలజిస్టుల సమాఖ్య 2004 నుంచి అదే దారి పట్టింది. ఎక్కువమంది తల్లులు దేనివల్ల చనిపోతున్నారో తేల్చి, అందులో ముందున్న రక్తస్రావాన్ని అరికట్టే విధానాలను ఆసుపత్రుల్లో నేర్పించింది. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు అక్కడ మాతృ మరణాలు 19; తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మనవి దేశ సగటు 97 కంటే ఎంతో మెరుగే. ఇక్కడి నుంచి కిందికి దిగాలంటే మాత్రం ఆసుపత్రికి తల్లిని రప్పిస్తే చాలదు, వచ్చిన తల్లికి లోపల అందే వైద్యం మారాలి. మరణం జరిగిన మర్నాడే సస్పెన్షన్ ఉత్తర్వు చేతికందే చోట ఏ నర్సూ నిజం చెప్పదు. కేస్ షీట్ సరిచేసుకోవడం నేర్చుకుంటుంది. నిర్లక్ష్యానికి శిక్ష ఉండవలసిందే. దాని విచారణ వేరు, పాఠం నేర్చుకునే సమీక్ష వేరు అని ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మన దగ్గర సరైన దారిలో పడిన అడుగు ఒకటుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి 30 మంది నర్సులకు కరీంనగర్‌లో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. అది హాలు శిక్షణ కాదు, కాన్పుల మధ్య జరిగిన శిక్షణ. మరుసటి ఏడాది కేంద్రం జారీచేసిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలూ అదే బాటలో నడిచాయి. తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 44.5 శాతం సిజేరియన్లని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి రాష్ట్రంలో సహజ కాన్పును ఓర్పుతో నడిపించగల ఇలాంటి నర్సుల విలువ వేరే చెప్పనక్కర్లేదు. కానీ వారికి ప్రత్యేక కేడర్, కాన్పు విషయంలో నిర్ణయాధికారం, ప్రసూతి గదిలోనే స్థిరమైన పోస్టింగ్ ఉంటేనే ఆ 18 నెలలకు ఫలితం. మిడ్‌వైఫ్‌ను మళ్ళీ మామూలు రోస్టర్‌లో కలిపి సర్జికల్ వార్డుకు వేస్తే ఆ ఖర్చంతా బూడిదలో పోసినట్టే.

కాబట్టి చేయవలసిన మొదటి పనికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక జీవో చాలు. ప్రసూతి గది, నవజాత శిశు విభాగం, ఐసీయూ, ఎమర్జెన్సీల్లో ప్రత్యేక శిక్షణ పొందిన సిబ్బందిని కనీసం మూడేళ్లు అక్కడి నుంచి కదపకూడదని, బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ పోస్టులను విడిగా చూపాలని ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి అభ్యంతరాలు వస్తాయి. ప్రసూతి గది డ్యూటీ అంటే కష్టం ఎక్కువ, నింద ఎక్కువ. అక్కడే కట్టిపడేస్తే ఎవరూ శిక్షణకు ముందుకు రారని సంఘాలు అంటాయి. ఆ భయం తీరాలంటే అక్కడ పనిచేసిన ఏళ్లకు పదోన్నతిలో, కోరుకున్న చోటికి బదిలీలో అదనపు ప్రాధాన్యం ఇవ్వాలి. ప్రతి విభాగంలో ఒక సీనియర్ హెడ్ నర్సుకు నేర్పే బాధ్యత అప్పగించి, ఆ మేరకు ఆమె ఇండెంట్లు, రిజిస్టర్ల పని తగ్గించాలి. ఇప్పుడు హెడ్ నర్సు సమయమంతా స్టాకు లెక్కలకే పోతోంది. ఆ లెక్కలు ఒక గుమాస్తా చూడగలడు. అంబు బ్యాగ్ పట్టడం ఆమే నేర్పగలదు. డ్యూటీ మారే వేళ పది నిమిషాలు వారానికి రెండుసార్లు సాధనకు కేటాయిస్తే అదనపు ఖర్చు దాదాపు ఉండదు.

రెండు రాష్ట్రాల్లోనూ ఈమధ్య పెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇందుకు అనుకోని వసతి. తెలంగాణలో జిల్లాకో కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అయిదు మొదలయ్యాయి. ప్రతి కళాశాలకూ నైపుణ్య ప్రయోగశాల తప్పనిసరి. అక్కడ బొమ్మలు, పరికరాలు ఎంబీబీఎస్ విద్యార్థులకు మాత్రమే తెరిచి, పక్క భవనంలోని నర్సులను నూరు కిలోమీటర్ల దూరంలోని శిక్షణ కేంద్రానికి పంపడంలో అర్థం లేదు. జిల్లా ఆసుపత్రి, చుట్టుపక్కల ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది అందరికీ ఆ ప్రయోగశాల సాయంత్రాలు తెరిచి ఉండాలి. కళాశాల అధ్యాపకులు నెలకోసారైనా కింది ఆసుపత్రికి వెళ్లి, అక్కడి ప్రసూతి గదిలోనే నేర్పాలి. కొత్త కళాశాలల్లో అధ్యాపకుల కొరత నిజమే కాబట్టి ఇది అన్నిచోట్లా ఒక్కసారే రాదు. అధ్యాపకులు ఉన్న పాత కళాశాలల జిల్లాల్లో మొదలుపెట్టాలి.

ఇక ఎవరి లెక్కలోనూ లేనివారు పొరుగుసేవల సిబ్బంది. ఆసుపత్రిలో నేల తుడిచేది, రక్తం అంటిన గుడ్డలు ఎత్తేది, పసుపు సంచిలో పోయవలసింది ఎర్ర సంచిలో పోయకుండా చూడవలసింది వారే. ఏజెన్సీ టెండరు మారినప్పుడల్లా మనుషులు మారతారు, లేదా అదే మనుషులు కొత్త ఏజెన్సీ పేరుతో మళ్ళీ మొదటి రోజు ఉద్యోగులవుతారు. శిక్షణ బాధ్యత ఏజెన్సీదని ఆసుపత్రి, ఆసుపత్రిదని ఏజెన్సీ అంటాయి. సూది గుచ్చుకున్నప్పుడు ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో వారికి తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చేది ముందు వారికే, తరువాత వార్డుకు. వచ్చే టెండర్లలోనే ఏటా శిక్షణ ఇవ్వడం, నేర్చుకున్న మనిషిని ఏజెన్సీ మారినా అదే ఆసుపత్రిలో కొనసాగించడం, శిక్షణ గంటలకు కూలి చెల్లించడం షరతులుగా చేర్చాలి. వాటిని పాటించారో లేదో చూసి సూపరింటెండెంట్ ధ్రువీకరించాకే ఏజెన్సీకి బిల్లు చెల్లించాలి.